బోర్డు మీది రాత, బొమ్మలో కోత

నేను కామర్స్ చదివినోణ్ణి, చిత్రకళ మీద తీర్పు చెప్పేటంత చదువు లేదు. కానీ పెయింటు అక్షరాలు చదవడం నా కొలువులో భాగమే. సరుకు మీద అప్పు ఇచ్చినప్పుడు, అది బ్యాంకు తాకట్టులో ఉన్నదని గోదాముకు బోర్డు రాయించాలె. తనిఖీకి పోతే స్టాకు లెక్క కన్నా ముందు ఆ బోర్డే చూసేటోణ్ణి.

ఈ మధ్య అమెరికా చిత్రకారుడు రాబర్ట్ కాటింగ్‌హామ్ బొమ్మలు ఫోన్‌లో చూసిన. ఫోటో చూసి వేసిన బొమ్మలకు మళ్లీ ఫోటోలన్నమాట! 1935లో బ్రూక్లిన్‌లో పుట్టిండు. ప్రకటనల కంపెనీలో ఆర్ట్ డైరెక్టర్‌. 1964లో లాస్ ఏంజెలిస్ వచ్చి, నాలుగేండ్లకు కొలువు విడిచి, పాత దుకాణాల, సినిమా హాళ్ల నియాన్ బోర్డులు వెయ్యడం మొదలుపెట్టిండు. రేకు మీద ఎండ, గాజు గొట్టం నీడ, పెచ్చులూడిన రంగు, ఏదీ వదల్లేదు. అక్షరంతో సరుకు అమ్మిన మనిషి, అమ్మకం తీసేసి ఒట్టి అక్షరాన్ని మిగిల్చిండు. అది నాకు మస్తు నచ్చింది.

నచ్చనిది ఆయన కోత. ‘ఆర్ఫ్’ అనే బొమ్మ ఉన్నది. ఆర్ఫియం అనే థియేటరు పేరులో ముక్క అది. ఇంగ్లిషుల అది చమత్కారమే. ఆ పేరు స్పెల్లింగు అక్కడ అందరికీ తెలిసిందే, పోయేదేం లేదు.

మన సిరొంచ బజారుల అట్ల కోస్తే నడవదు. మనం ‘కిరాణం’ అంటం, మరాఠీల ‘కిరాణా’. పై వరసలో దేవనాగరి, కింద తెలుగు ఉన్న బోర్డు మీద ‘కిరాణా’ అని తెలుగులో కనబడితే, పెయింటరు పై వరస చూసి దింపిండా, మన నోట్లో మాటే మారిందా? చివరి సున్న కాన్వాసు అంచు అవతల పడితే ఆ ప్రశ్నే పుట్టదు. ‘దుకానం’, ‘దుకాన్’ సంగతీ అంతే.

2022లో మహారాష్ట్ర చట్టం మార్చి, చిన్న దుకాణాలతో సహా అన్నిటికీ మరాఠీ బోర్డు తప్పనిసరి చేసింది. వేరే లిపి అక్షరాలు దానికన్నా పెద్దగా ఉండొద్దు. రాష్ట్ర భాష, దాంతో నాకు తగువు లేదు. తెలుగు రాయొద్దని కూడా అనలేదు. నా భయమల్లా ఫ్లెక్సుతోనే. కొత్తది కొట్టించేటప్పుడు జాగ చాలదని రెండో వరస తీసేస్తే అడిగేటోడు ఉండడు.

అందుకే మన దిక్కు పిల్లలెవరన్నా ఇట్లాంటి బొమ్మల వరస మొదలుపెడితే, ఎండను, తుప్పును కాటింగ్‌హామ్ దగ్గర నేర్చుకోండ్రి. బోర్డును మాత్రం నాలుగు అంచులూ వచ్చేటట్టు వెయ్యండ్రి, తప్పు స్పెల్లింగుతో, కింది మూలన పెయింటరు పెట్టుకున్న సంతకంతో సహా.