ఖాళీ గది, కదలని కుర్చీలు: ఫిలిప్ జాన్సన్ గాజు ఇంటిపై ఒక విమర్శ

ప్రస్తావన

ఇంటికి ఆనుకోకుండా తోటలో విడిగా ఒక చిన్న కట్టడం ఉందనుకోండి. పగలు అది పనిచేసుకునే గది. సాయంత్రం నలుగురు కూర్చునే చోటు. చుట్టాలు వస్తే పడకగది. ఆధునిక వాస్తుశిల్పంలో ఇలాంటి కట్టడాన్ని తోట పెవిలియన్ అంటారు. దీని గురించి చెప్పేటప్పుడు తరచుగా వినిపించే మాట ‘వెసులుబాటు’. లోపల గోడలు లేకపోతే స్థలాన్ని ఎలా కావాలంటే అలా వాడుకోవచ్చని దీని అర్థం. ఈ మాట ఎంతవరకు నిజమో ఒక ప్రసిద్ధ కట్టడం ఆధారంగా పరిశీలిద్దాం.

కట్టడం పరిచయం

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో న్యూ కేనన్ అనే ఊరుంది. వాస్తుశిల్పి ఫిలిప్ జాన్సన్ (1906-2005) అక్కడ తన కోసం కట్టుకున్న ‘గ్లాస్ హౌస్’ 1949లో పూర్తయింది. దాని పొడవు 56 అడుగులు, వెడల్పు 32 అడుగులు, ఎత్తు పదిన్నర అడుగులు. ఉక్కు చట్రానికి నాలుగు వైపులా గాజు పలకలు అమర్చారు. ప్రతి వైపు మధ్యలో ఒక తలుపు ఉంటుంది. నేల నుంచి కప్పు దాకా లేచిన గోడ లోపల ఒక్కటే: ఇటుకలతో కట్టిన సిలిండర్. దాని లోపల స్నానాల గది, బయటి పక్కన చలి కాచుకునే పొయ్యి ఉన్నాయి. వంటగది అంటే పొట్టి చెక్క బీరువాల వరుస మాత్రమే. పడక భాగాన్ని వేరు చేసేది కూడా ఒక చెక్క అల్మరాయే.

ఈ ఆలోచన పూర్తిగా జాన్సన్‌ది కాదు. మీస్ వాన్ డెర్ రోహె రూపొందించిన ఫార్న్స్‌వర్త్ హౌస్ నమూనాను 1947లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ప్రదర్శించారు. ఆ ప్రదర్శనను ఏర్పాటు చేసింది జాన్సనే. మీస్‌కు తాను పడిన రుణాన్ని ఆయన 1950లో రాసిన వ్యాసంలో దాచుకోకుండా చెప్పారు. మీస్ ఇల్లు మాత్రం 1951లో గానీ పూర్తి కాలేదు.

మెచ్చుకోదగిన అంశం

ముందుగా ఇందులోని బలాన్ని గుర్తించాలి. ఆ ఇటుక సిలిండర్‌ను గది నడిమధ్యలో కాకుండా కాస్త పక్కకు జరిపి కట్టారు. అందువల్ల దాని చుట్టూ ఉన్న స్థలం సమానమైన ముక్కలుగా చీలిపోలేదు. కూర్చునే చోటు పెద్దదిగా, పడక చోటు కొంత చాటుగా ఏర్పడ్డాయి. నీళ్ల గొట్టాలు, పొగగొట్టం వంటి కదల్చలేనివన్నీ ఒకచోట చేరాయి. మిగిలిన నేల ఖాళీ అయింది. పెవిలియన్ రూపకల్పనలో ఇది విలువైన పాఠం. కదిలేవాటికి చోటు దొరకాలంటే కదలనివాటిని ముందు ఒక దగ్గరికి చేర్చాలి.

వెసులుబాటు ఎక్కడ ఆగింది?

ఇప్పుడు ఆ ఖాళీ నేలను ఎలా వాడారో చూడండి. తెల్లటి తివాచీ మీద మీస్ రూపొందించిన కుర్చీలు, బల్ల ఉంటాయి. గోడలు లేని ఆ చోట ‘ఇది కూర్చునే గది’ అని చెప్పేది ఆ తివాచీయే. కుర్చీని తివాచీ మీద నుంచి జరిపితే గది చెదిరిపోయినట్లు కనిపిస్తుంది. పైగా చుట్టూ గాజు ఉండటం వల్ల ఆ చెదురు బయటి నుంచి కూడా కనిపిస్తుంది. అందుకే దశాబ్దాలు గడిచినా ప్రధానమైన సామాను అమరిక పెద్దగా మారలేదు. మార్చడానికి అడ్డుగోడ లేదు. అయినా మార్పు జరగలేదు. గోడ చేసే పనిని అక్కడ చూపు చేసింది.

కొత్త అవసరం వచ్చినప్పుడు జాన్సన్ ఏం చేశారు? ఈ గదిని మార్చలేదు, మరో కట్టడం కట్టారు. 1962లో చెరువు దగ్గర చిన్న పెవిలియన్, 1965లో చిత్రాల గ్యాలరీ, 1970లో శిల్పాల గ్యాలరీ, 1980లో చదువుకునే గది వచ్చాయి. మొదట 5 ఎకరాలుగా ఉన్న స్థలం చివరికి 49 ఎకరాలయింది. అంటే వెసులుబాటు గదిలో లేదు, భూమిలో ఉంది.

వీటిలో చిత్రాల గ్యాలరీని ప్రత్యేకంగా గమనించాలి. మట్టి కప్పిన ఆ కట్టడంలో చిత్రాలు తగిలించిన పలకలు ఇరుసుల చుట్టూ తిరుగుతాయి. పలకను తిప్పితే గది మారుతుంది. బయటికి అది గాజు ఇల్లంత స్వేచ్ఛగా కనిపించదు. వాడుకలో మాత్రం అదే ఎక్కువ వెసులుబాటు గల గది.

ఎదురుగా ఉన్న ఇల్లు

గ్లాస్ హౌస్ ఫొటోలు చూసినవారికి సాధారణంగా తెలియని విషయం మరొకటి ఉంది. పచ్చిక మైదానానికి అవతల, దానికి ఎదురుగా, అదే 1949లో జాన్సన్ ‘బ్రిక్ హౌస్’ కట్టారు. గాజు ఇంటి వైపు ఉన్న దాని గోడకు కిటికీ లేదు, తలుపు మాత్రమే ఉంది. గుండ్రటి కిటికీలు వెనకవైపు ఉన్నాయి. అతిథులు పడుకునేది అక్కడే. రెండు ఇళ్లనూ వెచ్చబరిచే యంత్రాలు ఉన్నదీ అక్కడే. 1953లో జాన్సన్ దాని లోపలి గదులను మార్చి, గోడలకు గుడ్డ కప్పిన ఒక పెద్ద పడకగదిని ఏర్పాటు చేశారు. గాజు ఇంట్లో దొరకని చాటు ఈ ఇటుక ఇంట్లో దొరికింది.

ఈ ఆస్తి 2007లో సందర్శకులకు తెరుచుకుంది. నీటి చెమ్మ వల్ల పాడైన బ్రిక్ హౌస్‌ను 2008లో మూసివేశారు. అది మళ్లీ తెరుచుకున్నది 2024లో. ఆ మధ్యకాలంలో వచ్చిన సందర్శకులు గాజు ఇంటిని లోపలికి వెళ్లి చూశారు గానీ, దాని బరువు మోసిన ఇంటి లోపలికి వెళ్లలేకపోయారు. పాఠ్యపుస్తకాల్లోని ఫొటోలు మనకు చేసేదీ ఇదే.

ఇది తన ఒక్కడి కోసం కట్టుకున్న ఇల్లు కదా, కుటుంబానికి కావలసిన కొలబద్దతో కొలవడం న్యాయమా అని మీరు అడగవచ్చు. జాన్సన్ జీవితానికి అది సరిపోయింది, నిజమే. అయితే ఈ విమర్శ ఆ ఇంటి మీద కన్నా, దాన్ని అనుకరించే తీరు మీద ఎక్కువ. ఎదుటి ఇటుక ఇంటిని వదిలేసి గాజు గదిని మాత్రమే తెచ్చుకుంటే దక్కేది సగం నమూనా. పరుపులు, మంచాలు, పనిముట్లు దాచే చోటు లేక, తెర లేక, ఆ గది కొన్నాళ్లకు ఒకే పనికి పరిమితమవుతుంది. లేదా సామాను కొట్టుగా మారుతుంది.

ముగింపు

వెసులుబాటు ఖాళీ నుంచి మాత్రమే పుట్టదు. దాచే చోటు, మూసుకునే తలుపు, నీళ్ల వసతి, నీడ అనే నాలుగూ దగ్గర్లో ఉన్నప్పుడే ఖాళీ స్థలం పనికి వస్తుంది. 49 ఎకరాలు ఉన్నవారు వాటిని తోటలో ఎక్కడైనా పెట్టుకోగలరు. పెరట్లో పన్నెండు అడుగుల చోటు ఉన్నవారు వాటిని ఆ గదిలోనే ఇమడ్చాలి. కాబట్టి ఒక పెవిలియన్ ఫొటోను చూసినప్పుడు మీరు మొదట అడగవలసిన ప్రశ్న: ఇందులో కనిపించని వస్తువులన్నీ ఎక్కడ ఉన్నాయి?

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. గ్లాస్ హౌస్‌లో ఇటుక సిలిండర్ చేసే పనులు ఏవి?
2. చిత్రాల గ్యాలరీకి, గ్లాస్ హౌస్‌కు వెసులుబాటు విషయంలో గల తేడాను మీ మాటల్లో వివరించండి.
3. మీకు తెలిసిన ఒక పెరటి స్థలానికి చిన్న పెవిలియన్ పటం గీయండి. పగటి వాడకం, రాత్రి వాడకం వేరువేరుగా చూపండి. పగలు మంచం ఎక్కడ ఉంటుందో, మే నెల ఎండ ఏ వైపు నుంచి పడుతుందో తప్పక గుర్తించండి.