కాటా మీద ఉప్పు ప్యాకెట్టు

పోయిన ఆదివారం లక్ష్మీపురంలో ఒక హోటలు హాల్లో మీటింగు. 'సిబ్బందిని నిలుపుకోవడం ఎలా' అన్నది విషయం. కోల్డ్ స్టోరేజీల వాళ్ళు, జిన్నింగు మిల్లుల వాళ్ళు, రెండు మూడు నర్సింగ్ హోముల వాళ్ళు వచ్చారు. నన్నెందుకు పిలిచారో తెలియదు. టిఫిను బాగుంటుందన్నారు, వెళ్ళాను. 

హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రాడు చురుగ్గానే మాట్లాడాడు. పనివాళ్ళ పుట్టినరోజుకి కేకు కోయించమన్నాడు, నెలకోసారి ఆటలు పెట్టమన్నాడు, 'మనమంతా ఒక కుటుంబం' అని గోడ మీద రాయించమన్నాడు. మధ్యలో ఒక మంచి సంగతి కూడా చెప్పాడు. 1913లో ఫోర్డు కార్ల ఫ్యాక్టరీలో 14,000 మందితో పని నడవడానికి ఏడాదిలో 52,000 మందిని చేర్చుకోవాల్సి వచ్చిందట. వచ్చినవాడు వచ్చినట్టే పోయేవాడు. 1914 జనవరిలో రోజుకు ఐదు డాలర్లు, ఎనిమిది గంటల పని అన్నాక జనం కుదురుకున్నారట. అతను చెప్పనిది ఒకటుంది. ఆ ఐదు డాలర్లు చేతికి రావాలంటే కంపెనీ మనుషులు ఇంటికొచ్చి, తాగుతున్నాడా, ఇల్లు శుభ్రంగా ఉందా అని చూసి వెళ్ళేవాళ్ళు. కుటుంబం అన్నాక ఆమాత్రం ఉంటుంది మరి.

నా పక్కన కూర్చున్న మిల్లు యజమాని, "కేకులెందుకండీ, ఐదేళ్ళు నిండకుండా చూసుకుంటే చాలదూ" అని నవ్వాడు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా: గ్రాట్యుటీ డబ్బు రావాలంటే మామూలుగా ఐదేళ్ళ సర్వీసు ఉండాలి. ఈయన నాలుగేళ్ళు దాటగానే రాజీనామా రాయించుకుని, పది రోజులు ఇంట్లో కూర్చోబెట్టి, కొత్తవాణ్ణి చేర్చుకున్నట్టు మళ్ళీ చేర్చుకుంటాడట. మనిషి నిలవాలి, సర్వీసు నిలవకూడదు. ఉప్మాలో జీడిపప్పు ఏరుకుంటూ, "ఈ రోజుల్లో ఎవడిలోనూ విశ్వాసం లేదండీ" అని కూడా అన్నాడు.

ఇంటికొచ్చేలోపు ఈ వారం కాలమ్ నా తలలో తయారైపోయింది. మా పెదనాన్న! (ఆ పేరు వినగానే పేజీ తిప్పేసేవాళ్ళు ఇక్కడ తిప్పేయవచ్చు.) ప్రత్తిపాడు అవతల ఆరెకరాల మిరప, నాలుగెకరాల పత్తి ఆయన సేద్యం. ఆయన దగ్గర పెద్ద పాలేరు 22 ఏళ్ళు పనిచేశాడు. మా వైపు తొలి ఏకాదశికి పాలేళ్ళు జీతాలు మాట్లాడుకుని ఇళ్ళు మారేవాళ్ళు. అతను మాత్రం మారలేదు. నమ్మినబంటు అంటూ అతని గురించి ఈ కాలమ్‌లోనే మూడుసార్లు రాశాను. వయసు మీదపడి మానేసిన ఏడు, అతని బాకీని పెదనాన్న కొట్టేశాడని కూడా రాశాను. అది చదివి ఉత్తరాలు రాసిన పాఠకులు గుర్తున్నారు.

జీతం ఎంత ఉండేదో సరిచూసుకుందామని పెదనాన్న కొడుకు, మా అన్నయ్యకు ఫోన్ చేశాను. "నాన్న ఖాతా పుస్తకం అటక మీద ఉండాల్రా" అన్నాడు. సాయంత్రానికి వాట్సాప్‌లో ఫోటోలు పంపాడు. ఎర్ర అట్ట, చెదలు కొరికిన అంచులు. కూతురు పెళ్ళికి 800. ఆసుపత్రికి 150. గేదె చచ్చిపోతే 600. ప్రతి ఏకాదశికీ జీతంలోంచి కోత, మళ్ళీ కొత్త అప్పు, పక్కన వేలిముద్ర. 1970 నుంచి 1992 దాకా ఒక్క ఏడు కూడా సున్నా లేదు. అప్పు కింద మనిషిని పనికి కట్టేసే పద్ధతి 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టంతో చెల్లిపోయింది, అలాంటి బాకీలు కూడా దానితోనే చెల్లు. మా పెదనాన్న పుస్తకానికి ఆ కబురు అందలేదు. కొట్టేశాడని నేను మెచ్చుకున్న బాకీ, చట్టం 16 ఏళ్ళ కిందటే కొట్టేసింది.

"అతను మనింట్లో అంతకాలం ఎందుకున్నాడన్నయ్యా?" అన్నాను.

"అప్పుండగా ఎక్కడికి పోతాడ్రా?"

నాలుగోసారి రాయబోయేవాణ్ణి. కలం పక్కన పెట్టాను.

అదే పెదనాన్న దగ్గరకి జనవరిలో మిరప కోతలకు కోసిగి వైపు నుంచి ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. కర్నూలు జిల్లాలో దాన్ని సుగ్గికి పోవడం అంటారు. వానలు లేక, ఊరు ఖాళీ చేసి, పిల్లల్ని బడి మాన్పించి మరీ వచ్చేవాళ్ళు. ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. వాళ్ళ మేస్త్రికి ఊళ్ళో అందరూ అడ్వాన్సులు కట్టేవాళ్ళు, పెదనాన్న కట్టేవాడు కాదు, పిసినారి. కిలోకింత, శనివారం రాత్రి లెక్క. మొదటి ఏడు ఆ ముఠా పెద్దావిడ కల్లంలోకి రాగానే సంచీలోంచి కిలో ఉప్పు ప్యాకెట్టు తీసి కాటా మీద పెట్టింది. ముల్లు చూసింది. ఏమీ అనకుండా ప్యాకెట్టు మళ్ళీ సంచీలో వేసుకుంది. పెదనాన్న మొహం గంటుపెట్టుకున్నాడు. రోజూ పొద్దున్నే అదే తంతు.

రెండో ఏడు పక్క చేలో ఐదు పైసలు ఎక్కువంటే నాలుగు రోజులు అటెళ్ళి తిరిగొచ్చారు, అక్కడి కాటా తేడాగా ఉందని. చంటిబిడ్డ తల్లి ఒకామె, మిరప మంట పట్టిన చేతులతో బిడ్డను ఎత్తుకోలేక మోచేతులతో పట్టుకునేది. మా పెద్దమ్మ ఆముదం గిన్నె పంపి, ఆమెను గంట ముందు వదిలేయమంది. మూడో ఏడు ప్యాకెట్టు కనపడలేదు. పెదనాన్నే ఉండబట్టలేక, "ఉప్పేదమ్మా?" అన్నాడు.

"పులుసులో పడిందప్పా!"

పోవడానికి వీలున్న వాళ్ళు ఏటా వచ్చారు. ఇన్నాళ్ళూ నేను రాసింది పోలేనివాడి గురించి. అంత తేలిగ్గా చెప్పేస్తే సరిపోతుందనుకుని కాలమ్ ముగించబోయాను. కానీ అన్నయ్య మళ్ళీ ఫోన్ చేశాడు. ఆ రోజుల్లో కల్లంలో కాటా పట్టింది ఎవరో మరిచావా అన్నాడు. మా పెద్ద పాలేరే. ఒక్కొక్కరి తూకం అందరికీ వినపడేలా కేకేసి చెప్పేవాడు, పెదనాన్న రాసుకునేవాడు, పెద్దావిడ తలూపేది. పుస్తకం ఒకటే. ముందు పేజీల్లో ఆడవాళ్ళ లెక్క, వెనక పేజీల్లో అతనిది. వెనక పేజీలు ఎవరూ కేకేసి చదవలేదు.