వెనక పేజీల నుంచి చదవాలి

పర్యావరణ ప్రభావ నివేదిక ఏది చేతికొచ్చినా నేను వెనక నుంచి చదువుతాను. ముందుండే సారాంశంలో అన్నీ సవ్యంగానే కనిపిస్తాయి. అసలు సంగతి చివరి అనుబంధాల్లో ఉంటుంది: శబ్దం కొలిచే మీటరు ఎక్కడ పెట్టారు, ఏ వేళకు పెట్టారు, గాలి నమూనాలు ఏ కాలంలో తీశారు.

ఇప్పుడు నా ధ్యాసంతా హైదరాబాద్ పాతబస్తీ మెట్రో మీదే. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్‌స్టేషన్ (జేబీఎస్) నుంచి వచ్చిన లైను మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ (ఎంజీబీఎస్) దగ్గర ఆగిపోయింది. ఫలక్‌నుమా దాకా వెళ్లాల్సిన ఆ మిగతా ముక్కకు 2024 మార్చి 8న శంకుస్థాపన చేశారు; ఇప్పుడు దాన్ని చాంద్రాయణగుట్ట వరకు 7.5 కిలోమీటర్లకు పెంచారు. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, మీర్ మోమిన్ దాయిరా, హరిబౌలి, శాలిబండ మీదుగా దారి. రోడ్డును 100 అడుగులకు వెడల్పు చేస్తే సుమారు 1,100 ఆస్తులు దెబ్బతింటాయని అప్పట్లో అధికారులే చెప్పారు.

ఈ మెట్రో రావాలి. పాతబస్తీ వాళ్లు ఇప్పటికే చాలా ఏళ్లు ఎదురుచూశారు. అయితే ఒక విషయం నాకు మింగుడుపడదు. 2006 సెప్టెంబర్ 14 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ పట్టికలో జాతీయ రహదారులున్నాయి, ఓడరేవులున్నాయి, విమానాశ్రయాలున్నాయి, చివరికి రోప్‌వేలు కూడా ఉన్నాయి. రైలు మార్గాల పేరు మాత్రం లేదు. విదేశీ బ్యాంకులు అప్పివ్వడానికి అడుగుతాయి కాబట్టి మెట్రోలకు నివేదికలు తయారవుతాయి. అప్పిచ్చేవాడి ముందు పెట్టే కాగితాన్ని ఇల్లు పోయేవాడి ముందు పెట్టి బహిరంగ విచారణ జరపాలని ఆ నోటిఫికేషన్ చెప్పదు.

శబ్దం సంగతే తీసుకోండి. 2000 నాటి నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు దాటకూడదు. మిట్టమధ్యాహ్నం శాలిబండ రోడ్డు పక్కన మీటరు పెడితే ఆటోల హారన్లకే ఆ హద్దు దాటిపోతుంది. ‘ఇప్పటికే మోత ఉంది, రైలు కలిపేది కొద్దిగానే’ అని ఒక వాక్యం రాసేసి ముగించవచ్చు. కానీ వంతెన మీద పోయే రైలు రెండో అంతస్తు కిటికీకి ఎదురుగా పోతుంది. రాత్రి పది దాటాక, వీధి సద్దుమణిగాక, మలుపులో చక్రాలు పట్టాలను రాసుకునే కీచు చప్పుడు ఆ గదిలో పడుకున్న ముసలాయనకు ఎంత వినబడుతుంది? మీటరును ఆ కిటికీ దగ్గర, ఆ వేళకు పెట్టాలి. డంగుసున్నం గోడల పాత ఇళ్ల పక్కన స్తంభాలకు పునాది తవ్వేముందు ప్రతి గోడలో ఉన్న పగుళ్లను ఫొటో తీసి, ఇంటివాళ్లకు ఒక కాపీ ఇవ్వాలి. తర్వాత గోడ బీటవారితే అది పాతదా కొత్తదా అన్న తగువుకు అదే సాక్ష్యం.

రైలే లేని మా బాన్సువాడలో కూర్చుని ఇదంతా ఎందుకంటారా? బోధన్–బీదర్ లైను మా మీదుగా వేయాలని మేం ఏళ్లుగా అడుగుతున్నాం. అది వస్తే నిజాంసాగర్ ఆయకట్టులో కట్ట పోస్తారు. వరి మళ్లకు అడ్డంగా కట్ట లేచాక నీరు పోవడానికి తూము ఎక్కడ పెట్టాలో, ఎంత వెడల్పు ఉండాలో ఎండాకాలంలో కొలతలకు వచ్చినవాళ్లకు కనబడదు. అందుకే వానాకాలం ముసురులో ఏ మడిలో ఎన్నాళ్లు నీళ్లు నిలిచాయో సర్వే నంబర్లతో సహా రాసిపెట్టమని మా ఊరి రైతులను అడుగుతున్నాను.