నంబరు కలవని బోల్టు

ఒకప్పుడు ఖమ్మం నిజాం రాజ్యంలో, భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి నుంచి వచ్చి ఖమ్మంలో కలిసింది 1959లో. అందుకే ఈ అడవి అంచున పాత త్రీనాట్‌త్రీ రైఫిల్ ఏదైనా బయటపడితే దానికి రెండు కథలు సిద్ధంగా ఉంటాయి: మన్యం పితూరీ, తెలంగాణ సాయుధ పోరాటం. రెండూ ప్రాణాలిచ్చినవాళ్ల కథలు. ఆ గౌరవం కోసమే ఇనుము మీది ముద్రల్ని నిదానంగా చదవాలంటాను. ముద్ర ఒక కథను కొట్టిపారేయగలదు గానీ, ఒంటరిగా ఏ కథనూ నిలబెట్టలేదు.

ఈ త్రీనాట్‌త్రీ, అంటే లీ-ఎన్‌ఫీల్డ్‌లో చెక్క మడమ వచ్చి బిగుసుకునే ఇనుప భాగం మీద కిరీటం, రాజు పేరు పొడి అక్షరాలు, తయారైన చోటు, సంవత్సరం, నమూనా పేరు కొట్టి ఉంటాయి. బెంగాల్‌లోని ఇషాపూర్‌లో తయారైనవాటి మీద స్వాతంత్ర్యం తర్వాత కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి. ఆ చోట 1942 అని ఉందనుకోండి. మన్యం పితూరీలో 1922 ఆగస్టు 22 నుంచి మూడు రోజుల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల్లో పట్టుకున్న 26 తుపాకుల్లో అది లేనట్టే. 1917 అని ఉంటే మాత్రం పుట్టిన ఏడు తెలిసిందంతే. ఎవరి చేతుల్లో తిరిగిందో తేలాలంటే సీరియల్ నంబరు కావాలి, ఆ నంబరున్న ఠాణా కాగితమూ కావాలి. పైగా ఆ నంబరు ఒక్కచోటే చూస్తే చాలదు. బోల్టును ఒక్కో రైఫిల్‌కు విడిగా సరిపెట్టి బిగిస్తారు గనక దాని పిడి వెనక కూడా అదే నంబరు వేస్తారు. బారెల్ మీదా, మూతి తొడుగు మీదా వెతకాలి. ఇషాపూర్‌లోనే కొన్ని త్రీనాట్‌త్రీలను .410 నున్నటి గొట్టం మస్కెట్లుగా మార్చి పోలీసులకిచ్చారు. అలాంటిదాని మీద పాత సంవత్సరం ఒక్కటే చదివితే సగం చరిత్రే దొరుకుతుంది.

నంబర్లు కలవకపోతే అది నకిలీయేనా అని అడగొచ్చు. కాదు. అరిగిన బోల్టు తీసి వేరేది వేయడం ఆర్మరీల్లో మామూలు పని; పాత నంబరును గీతతో కొట్టేసి కొత్తది వేసి ఉంటే అది ఆ మరమ్మతుకు సాక్ష్యమే. నంబర్లు దొంగతనంగానూ వేయొచ్చన్నది ఇంకా గట్టి అభ్యంతరం. నిజమే. అయితే ఆకురాయితో గీకి మళ్లీ కొట్టినచోట ఇనుము మట్టం చుట్టుపక్కలకన్నా తగ్గి ఉంటుంది, వేలికి తెలుస్తుంది. గూడెం పెద్దల మాట చాలదా అంటే, ఆ మాటను నేను తీసిపారేయను. ఏ ఏట, ఏ దారిన తుపాకీ వచ్చిందో వాళ్లు చెప్తేనే ఏ ఠాణా కాగితం వెతకాలో తెలుస్తుంది.

కాబట్టి ప్రదర్శనకు పెట్టేవాళ్లు ముందు గరుకు కాగితం పట్టడం ఆపాలి. మెరుపు కోసం రుద్దినప్పుడు మొదట పోయేవి ఈ ముద్రలే. ఒక్కో భాగం నంబరును విడివిడిగా ఫొటో తీసి, కలవనివాటిని కలవలేదనే రాసి పెట్టాలి.