పడిన సర్వీసును లేపుట చాలునా?
లినక్సు పర్యవేక్షణ పద్ధతులపై ఒక విమర్శ

కంప్యూటరు తెరమీద కనిపించు పని కంటె, కనిపించకుండ జరుగు పనియే ఎక్కువ. వెబ్ పేజీలను పంపు ప్రోగ్రాము, డేటాబేసును నడుపు ప్రోగ్రాము, గడియారమును సరిచేయు ప్రోగ్రాము, దూరము నుండి వచ్చు వారికి తలుపు తీయు ప్రోగ్రాము – ఇవన్నియు ఎవరి పిలుపును లేకుండగనే వెనుక నిలిచి పనిచేయుచుండును. యూనిక్సు సంప్రదాయములో వీనిని 'డీమన్'లనిరి. నేడు 'సర్వీసు'లనుట వాడుక. వీని విషయమున మూడు ప్రశ్నలు పుట్టును. యంత్రము మేల్కొనినపుడు వీనిని ఎవరు ప్రారంభింపవలెను? ఏ వరుసలో ప్రారంభింపవలెను? నడుచుచు నడుచుచు ఒకటి పడిపోయినచో ఎవరు గుర్తింపవలెను?

ఈ ప్రశ్నలకు లినక్సు లోకము కాలక్రమమున మూడు విధములైన సమాధానములు చెప్పినది. ప్రతిదానికిని భక్తులున్నారు, నిందించువారును ఉన్నారు. స్తుతినిందలను ప్రక్కన బెట్టి, గుణదోషములను విడదీసి చూచుట విద్యార్థులకు మేలు.

మొదటి ప్రక్రియ

విమర్శకు ముందు ఆధారము తెలియవలెను. లినక్సులో నడుచుచున్న ప్రతి ప్రోగ్రామును ఒక 'ప్రక్రియ'. దానికొక సంఖ్య ఉండును. ఒక ప్రక్రియ మరియొక ప్రక్రియను కనును. అందుచేత ప్రక్రియలన్నియు ఒక వంశవృక్షముగా ఏర్పడును. ఆ వృక్షమునకు మూలము 1వ సంఖ్య గల ప్రక్రియ. కెర్నెల్ మేల్కొనిన పిమ్మట వినియోగదారు పక్షమున మొట్టమొదట ప్రారంభించునది దీనినే. దీనికి సంప్రదాయముగా వచ్చిన పేరు 'ఇనిట్'.

ఇందులో రెండు నియమములు ముఖ్యమైనవి. బిడ్డ ప్రక్రియ మరణించినచో కెర్నెల్ ఆ వార్తను వెంటనే తల్లి ప్రక్రియకు తెలుపును. ఏ కారణమున మరణించినదో ఆ వివరమును తల్లికే అందును. ఇది మొదటి నియమము. తల్లి ముందుగా మరణించినచో, ఆ అనాథ బిడ్డ సాధారణముగా 1వ ప్రక్రియ సంరక్షణలోనికి పోవును. ఇది రెండవది. 1వ ప్రక్రియయే మరణించినచో కెర్నెల్ యంత్రమునే నిలిపివేయును. కాబట్టి ఆ స్థానములో దేనిని కూర్చుండబెట్టుట అనునది చిన్న విషయము కాదు.

హాజరు పట్టికను నమ్మిన పద్ధతి

1983లో వెలువడిన 'సిస్టమ్ ఫైవ్' యూనిక్సు నుండి వచ్చిన పద్ధతిని లినక్సు చాలకాలము అనుసరించినది. దీనిలో యంత్రమునకు 0 నుండి 6 వరకు 'రన్ లెవెల్'లు కలవు. ప్రతి స్థాయికి ఒక డైరెక్టరీ. అందులో వరుస సంఖ్యలు గల పేర్లతో షెల్ స్క్రిప్టులు. చిన్న సంఖ్య గలది ముందు, పెద్ద సంఖ్య గలది తరువాత నడచును.

ఈ పద్ధతి గుణము దాచరానిది: అంతయు చదువదగిన వ్రాత. షెల్ తెలిసిన విద్యార్థి ఒక స్క్రిప్టు తెరచి, యంత్రము ఏమి చేయుచున్నదో పంక్తి పంక్తిగా తెలిసికొనగలడు.

కాని ఇది ప్రారంభించు పద్ధతియే గాని, పర్యవేక్షించు పద్ధతి కాదు. స్క్రిప్టు సర్వీసును లేపి తాను వెడలిపోవును. సర్వీసు కూడ కావలెననియే రెండు సార్లు చీలి, తల్లి నుండి విడిపోయి, తన సంఖ్యను ఒక ఫైలులో వ్రాసిపెట్టును. తరువాత దానిని ఆపవలసి వచ్చినపుడు స్క్రిప్టు ఆ ఫైలును చూచి, ఆ సంఖ్యకు సంకేతము పంపును. సర్వీసు మధ్యలో మరణించినచో ఆ ఫైలు అట్లే ఉండును. ప్రక్రియల సంఖ్యలు అనంతములు కావు. చాలకాలము సాధారణముగా 32768 వరకే లెక్కించి, మరల మొదటినుండి ఖాళీ సంఖ్యలను వాడుచుండిరి. అప్పుడు పాత సంఖ్య వేరొక నిరపరాధి ప్రక్రియకు రావచ్చును. ఆపుమను ఆజ్ఞ దానిమీద పడవచ్చును. తరగతిలో విద్యార్థి ఉన్నాడో లేడో కన్నెత్తి చూడక, ఉదయము వేసిన హాజరును సాయంకాలము వరకు నమ్మినట్టిది ఈ పద్ధతి.

విచిత్రమేమనగా, నిజమైన పర్యవేక్షణ ఆ ఇనిట్‌లోనే ఉండెను. దాని పట్టికలో 'రెస్పాన్' అని వ్రాసిన ప్రోగ్రాము మరణించినచో, తల్లి యగు ఇనిట్ దానిని తిరిగి లేపును. లినక్సులో వాడిన ఇనిట్, రెండు నిమిషములలో పది సార్లకు మించి లేపవలసి వచ్చినచో ఐదు నిమిషములు ఊరకుండును. ఇంత చక్కని ఏర్పాటును ఎక్కువగా లాగిన్ తెరలకే వినియోగించి, ముఖ్యమైన సర్వీసులను మాత్రము స్క్రిప్టులకు వదలిరి. చేతిలో దీపముండగా చీకటిలో తడవుకొనుట యన్న ఇదియే.

తల్లి బిడ్డను విడువని పద్ధతి

డి. జె. బెర్న్‌స్టీన్ రచించిన 'డీమన్‌టూల్స్' ఈ లోపమును సూటిగా కొట్టినది. దాని 0.76వ రూపము 2001లో వచ్చినది. ఇందులో ఒక్కొక్క సర్వీసుకు ఒక డైరెక్టరీ, అందులో 'రన్' అను చిన్న ఫైలు. 'సూపర్వైజ్' అను పర్యవేక్షకుడు ఆ ఫైలును తన బిడ్డగా నడుపును. సర్వీసు తల్లిని విడిచి చీలిపోరాదు, ఇదియే నియమము. బిడ్డ మరణించిన వార్త కెర్నెల్ ద్వారా తక్షణమే అందును గనుక సంఖ్యల ఫైలు అవసరము లేదు. పడిన సర్వీసును తిరిగి లేపును; లేపిన ప్రతిసారియు ఒక సెకను ఆగును. సర్వీసుకును దాని చిట్టా వ్రాయు ప్రోగ్రామునకును నడుమ నున్న గొట్టము, సర్వీసు పడి లేచినను తెగిపోదు. అందుచేత మరణసమయమున పలికిన చివరి మాట పోకుండ చిట్టాలో నిలుచును. జెరిట్ పేప్ రచించిన 'రన్‌ఇట్', లారెంట్ బెర్కో రచించిన 'ఎస్6' ఈ వంశములోనివే. 'వాయిడ్ లినక్స్' అను పంపిణీ నేటికిని రన్‌ఇట్‌నే వాడుచున్నది.

చిన్న చిన్న పనిముట్లు, ప్రతిదానికి ఒకే పని – ఇది ఈ పద్ధతి సౌందర్యము. ఐనను లోపములు రెండు కలవు. మొదటిది, డీమన్‌టూల్స్‌కు వరుస తెలియదు. డేటాబేసు సిద్ధము కాకముందే దానిపై ఆధారపడు ప్రోగ్రాము లేచి, పడి, మరల లేచి, మరల పడుచుండును. ఎప్పటికో ఒకప్పుడు నిలుచుననుటయే దాని సిద్ధాంతము. రెండవది, దానికి తెలిసినది బిడ్డ మాత్రమే, మనుమలు తెలియరు. సర్వీసు తాను మరణించుచు తన బిడ్డలను వదలిపోయినచో, అవి పాత తలుపు నంటిపెట్టుకొని యుండి, క్రొత్తగా లేచిన సర్వీసుకు అడ్డు తగులవచ్చును.

సమస్తమును చేపట్టిన పద్ధతి

2005లో సోలారిస్ 10లోని 'ఎస్.ఎం.ఎఫ్.', ఆపిల్ వారి 'లాంచ్‌డి', 2006లో ఉబుంటులో చేరిన 'అప్‌స్టార్ట్' – ఇవి క్రొత్త మార్గములు చూపినవి. 2010లో లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ అనువారు 'సిస్టమ్‌డి'ని ప్రకటించిరి. 2011లో ఫెడోరా 15 దీనిని స్వీకరించినది. డెబియన్ సాంకేతిక సమితిలో 2014లో ఓట్లు సమానముగా చీలగా, అధ్యక్షుని నిర్ణాయక ఓటుతో సిస్టమ్‌డి గెలిచినది. ఒప్పుకొనని వారు 'దేవువాన్' అను వేరు పంపిణీని స్థాపించిరి. 2015లో డెబియన్ 8, ఉబుంటు 15.04 రెండును సిస్టమ్‌డితో వెలువడినవి.

దీని గుణములను తక్కువ చేయరాదు. 2008లో వెలువడిన లినక్సు 2.6.24తో వచ్చిన 'సి-గ్రూపు'లను ఇది చక్కగా వినియోగించినది. ఒక సర్వీసుకు పుట్టిన బిడ్డలు, మనుమలు అందరును ఒకే గుంపు ముద్రను ధరింతురు. ఎన్ని సార్లు చీలినను ఆ ముద్ర మాసిపోదు. డీమన్‌టూల్స్‌కు అందని మనుమల సమస్య ఇట్లు తీరినది. వందల పంక్తుల స్క్రిప్టు స్థానమున పది పంక్తుల 'యూనిట్ ఫైలు' వచ్చినది. 'నేను సిద్ధము' అని సర్వీసు స్వయముగ తెలుపు వరకు తరువాతి దానిని ఆపియుంచు వీలును కలిగినది.

ఇక దోషములు. మొదటిది భాషా దోషము. 'రిక్వైర్స్' అని వ్రాసినచో ఆ సర్వీసు నాకు కావలెనని మాత్రమే అర్థము; దాని తరువాతనే నేను లేవవలెనని అర్థము కాదు. దానికి 'ఆఫ్టర్' అని వేరుగా వ్రాయవలెను. అవసరము వేరు, వరుస వేరు – తర్కమున ఇది సరియైన విభజనయే. కాని క్రొత్తవారిలో అనేకులు మొదటిది వ్రాసి రెండవది వచ్చినదనుకొందురు. రెండును ఒకేసారి లేచును; ఒకనాడు పనిచేయును, మరునాడు చేయదు.

రెండవది పునఃప్రారంభమునకు సంబంధించినది. ఇది మరింత లోతైనది. 'రీస్టార్ట్' అని ప్రత్యేకముగా కోరనిచో సిస్టమ్‌డి పడిన సర్వీసును లేపనే లేపదు. కోరినచో, వేరుగా చెప్పనంతవరకు, సెకనులో పదవ వంతు ఆగి లేపును. పది సెకనులలో ఐదు ప్రారంభములకే అనుమతి. ఆరవది నిరాకరింపబడి, సర్వీసు 'విఫలము' అను స్థితిలో పడియుండును.

ఈ అంకెలను లెక్కించి చూడవలెను. ఒక ప్రోగ్రాము లేచిన ఒక సెకనుకు తప్పక మరణించుననుకొందము. దాని ప్రారంభములు 0, 1.1, 2.2, 3.3, 4.4 సెకనుల వద్ద, 5.5 వద్ద రావలసిన ఆరవది రాదు. మరియొక ప్రోగ్రాము అదే రోగముతో మూడు సెకనులు బ్రదికి మరణించుననుకొందము. దాని ప్రారంభములు 0, 3.1, 6.2, 9.3, 12.4 వద్ద. ఏ పది సెకనులలోను నాలుగింటికి మించవు. అది రేయింబవళ్లు పడుచు లేచుచునే యుండును. యంత్రము ఎన్నడును దానిని విఫలమనదు. రోగమొక్కటే; ఒకదానికి ఆరు సెకనుల లోపల శిక్ష, రెండవదానికి ఎన్నటికిని విచారణయే లేదు. ఈ పరిమితి కొలుచునది వైఫల్యమును కాదు, వైఫల్యపు వేగమును. అట్లే, డేటాబేసు కొరకు అర నిమిషము వేచియుండవలసిన ప్రోగ్రాము వెనువెంటనే మరణించు స్వభావము గలదైనచో, సుమారు అర సెకనులో తన ఐదు అవకాశములను పోగొట్టుకొనును. విరామమును ఐదు సెకనులు చేసినచో ఈ చిక్కు తొలగును. 2023లో వచ్చిన 254వ రూపము నుండి విరామమును క్రమముగా పెంచు ఏర్పాటును కలదు. కాని తెలిసినవారికే అది కలదు.

మూడవది పరిమాణ దోషము. 'నేను సిద్ధము' అను వార్త నిజమునకు కొలది అక్షరముల చిన్న సందేశము. దానిని పంపుటకై కొన్ని పంపిణీలు దూరప్రవేశపు ద్వారమైన ఎస్.ఎస్.హెచ్. సర్వీసుకు సిస్టమ్‌డి లైబ్రరీని జతపరచిరి. ఆ లైబ్రరీ తన ఇతర అవసరములకై 'ఎక్స్‌జెడ్' అను కుదింపు లైబ్రరీని వెంట తెచ్చినది. ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 రూపములలో ఎవరో దొంగతలుపు నమర్చినట్లు 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు బయటపెట్టెను. లాగిన్ అర సెకను ఆలస్యమగుటయే అతనికి దొరికిన ఆనవాలు. ఆ విషము సిస్టమ్‌డి వారిది కాదు; కాని అది ద్వారము వరకు నడచిన త్రోవ అనవసరముగ వేసిన త్రోవ. ఆ సంవత్సరమే ఓపెన్ ఎస్.ఎస్.హెచ్. 9.8 ఆ చిన్న సందేశమును ఏ లైబ్రరీ సహాయమును లేకుండ తానే పంపుట నేర్చినది. 256వ సిస్టమ్‌డి కూడ అట్టి లైబ్రరీలను అవసరమైనపుడే తెచ్చుకొను పద్ధతికి మారినది. రెండు పక్షములును దిద్దుకొనుటయే ఆ త్రోవ అనవసరమనుటకు సాక్ష్యము.

పర్యవేక్షణ అన నేమి?

ఈ మూడు పద్ధతులకును చెల్లు ఒక మాట మిగిలియున్నది. ప్రక్రియ బ్రదికియుండుట వేరు, పని జరుగుట వేరు. తల్లికి బిడ్డ మరణము తెలియును గాని మూర్ఛ తెలియదు. నియమిత కాలములో 'బాగున్నాను' అని సర్వీసు పలుకనిచో దానిని వైఫల్యముగా నెంచు 'వాచ్‌డాగ్' ఏర్పాటు సిస్టమ్‌డిలో కలదు. కాని ఆ పలుకు పలుకు భాగమొకటి, పనిచేయు భాగము మరియొకటి ఐనచో, పని నిలిచినను పలుకు వచ్చుచునే యుండును. అది యంత్రపు తప్పు కాదు, వ్రాసినవాని తప్పు.

మరియు పునఃప్రారంభము చికిత్స కాదు. జ్ఞాపకస్థలమును కొంచెము కొంచెముగా మ్రింగుచు ప్రతి రాత్రి మరణించు సర్వీసును ప్రతి రాత్రి లేపుట, జ్వరమునకు కారణము వెదకక నుదుటిపై తడిగుడ్డ వేయుట వంటిది. ఉపశమనము నిజమే, ఆ ఉపశమనము వలననే వైద్యుని పిలువవలెనను తలంపు రాకపోవుట ప్రమాదము. మంచి పర్యవేక్షకుడు గుర్తించును, లేపును, పైవారికి తెలుపును. మొదటి రెండు పనులు యంత్రము చేయగలదు. మూడవదానికి చిట్టా వ్రాయువాడు యంత్రమే కాని, చదువువాడు మనిషి కావలెను.

తీర్పు చెప్పవలసినచో, ఇట్లు చెప్పవచ్చును. సిస్టమ్ ఫైవ్ స్క్రిప్టులకు తిరిగిపోవలెననుట చదువదగిన వ్రాతపై గల ప్రేమయే గాని, పర్యవేక్షణ శాస్త్రము కాదు. డీమన్‌టూల్స్ వంశము భావశుద్ధిలో నేటికిని ఉత్తమము. విద్యార్థులకు సూత్రము బోధించుటకు దానికి సాటి లేదు. సిస్టమ్‌డి శక్తిలో మిన్న, నేడు ఎక్కువ పంపిణీలలో నున్నది. కాని దాని ముందుగా నిర్ణయించిన అంకెలను వేదవాక్యములుగా గైకొనరాదు. లినక్సు కంప్యూటరు గల పాఠశాలలో, ఒక సెకనుకు మరణించు ప్రోగ్రామును, మూడు సెకనులకు మరణించు ప్రోగ్రామును విద్యార్థుల చేత వ్రాయించి, రెండింటికిని పునఃప్రారంభమును కోరి, చిట్టాను వారి చేతనే చదివింపవచ్చును. పడినదానిని లేపుట ఎంత సులభమో, ఏల పడినదని అడుగుట ఎంత అవసరమో, ఆ పది సెకనులు వారికి బోధించును.