అక్షరం అడిగిన మాట

కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలమ్మ గుట్ట మీద మూడు కంద పద్యాలున్నాయి. రాతిలో చెక్కినవి. క్రీ.శ. 945 ప్రాంతంలో, అంటే నన్నయ కంటే సుమారు వందేళ్లు ముందు, జినవల్లభుడు వేయించిన శాసనం అది. ఆయన కన్నడ ఆదికవి పంపకు తమ్ముడు. ఆ పంప వేములవాడ చాళుక్యరాజు రెండో అరికేసరి ఆస్థానంలో ఉన్నవాడు. శాసనంలో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. చరిత్రకారులకు అందులో కావలసినంత దొరుకుతుంది. నన్ను మాత్రం ఎప్పుడూ ఆపేది మొదటి కందంలోని పనితనమే.

కందంలో ఒకటి, మూడు పాదాలకు మూడేసి గణాలు, రెండు, నాలుగు పాదాలకు ఐదేసి. గణానికి నాలుగు మాత్రలు. పైగా ప్రాస: మొదటి పాదంలో రెండో అక్షరంగా ఏ హల్లు పడితే, మిగతా మూడు పాదాల్లోనూ అదే చోట అదే హల్లు రావాలి. ఈ పద్యానికి ప్రాస 'న'. జైనుడికి 'న' రెండో అక్షరంగా ఉన్న మాట వెతుక్కోవలసిన పనేముంది? 'జిన' నోట్లోనే ఉంది. మూడు పాదాలు ఆ మాటతోనే మొదలవుతాయి. రెండో పాదంలో, నాలుగో పాదంలో యతి కుదరవలసిన చోట కూడా మళ్లీ 'జిన'నే నిలిపాడు. దేవుడి పేరుతోనే ఛందస్సు అప్పు తీర్చేశాడు. మూడో పాదం దగ్గర మాత్రం మాట మార్చాడు. రెండో పాదం చివర మొదలైన క్రియను అక్కడే విరిచి, దాని తోకను మూడో పాదం తలకు తెచ్చాడు. ఆ తోకలో రెండో అక్షరం 'న'. పాదం కట్టను దాటి మాట పారడం అంత పాత పద్యంలోనే ఇంత ధీమాగా ఉందంటే, ఈ నేల మీద కందం అప్పటికే చేయి తిరిగిన విద్య అయి ఉండాలి.

అడిగిన అక్షరమున్న మాటను అడిగిన చోట పెట్టడమే ఈ విద్య. తరవాత కాలంలో ఇది అవధాన వేదిక ఎక్కింది. కోరుట్లలో ఉన్న శిరశినహళ్ కృష్ణమాచార్యులు నైజాం రాష్ట్రంలో తొలి శతావధానిగా పేరుపొందారు. ఫలానా పాదంలో ఫలానా సంఖ్య అక్షరం ఇదే కావాలంటే న్యస్తాక్షరి. ఇది కుదురుగా ముందే ఆలోచించుకోవచ్చు. నిషిద్ధాక్షరికి ఆ వెసులుబాటు లేదు. అవధాని ఒక్కో అక్షరం చెప్పిన వెంటనే, ప్రశ్న వేసే పృచ్ఛకుడు తరవాతి అక్షరాన్ని అడ్డుకుంటాడు.

ధర్మపురి గోదావరి మీద కందం అడిగారనుకుందాం. అవధాని 'ధ' అంటాడు. పృచ్ఛకుడు ఊరి పేరు పసిగట్టి 'ర' వద్దంటాడు. అవధాని 'న్య' వేస్తాడు. 'ధన్యము' రాబోతోందని తలచి పృచ్ఛకుడు 'మ' వద్దంటాడు. అవధాని 'త' అంటాడు. 'ధన్యత'. గురువు, రెండు లఘువులు, నాలుగు మాత్రలు, గణం సరి. సభ చప్పట్లు కొడుతుంది. అసలు చిక్కు మాత్రం అప్పుడే పడింది. 'న్య' ప్రాస అయి కూర్చుంది. ఇక మిగిలిన మూడు పాదాలకూ రెండో అక్షరంగా 'న్య' ఉన్న మాటలే కావాలి. సంయుక్తాక్షరానికి ముందున్నది ఎలాగూ గురువే కాబట్టి మొదటి అక్షరం గురువా లఘువా అన్న బెంగ లేదు. కన్య, శూన్య, సైన్య, మాన్య, ధాన్య, దైన్య... గోదావరి పద్యంలోకి సైన్యాన్ని లాక్కురావడం చేతకాని పని. ధాన్యం వస్తుంది, ఆ నీటితో పండేదే. దైన్యం వస్తుంది, ఆ నీరు పోగొట్టేదే. మాన్య అన్నది నదికి విశేషణమై ఒదుగుతుంది. పృచ్ఛకుడు అడ్డుపడబట్టే పద్యం ఊరి పేరు వదిలి పొలంలోకి దిగింది. ఈ మలుపు చూడటానికే నేను అవధానాలకు వెళ్తాను.

ఇచ్చిన మాటలను పద్యంలో ఇమిడ్చే దత్తపదిలో ఇంగ్లీషు మాటలిచ్చి రామాయణార్థంలో చెప్పమనడమూ ఉంది. పెన్, బాల్, కార్, విన్ ఇచ్చారనుకోండి. పెన్నిధిలో పెన్ ఉంది, బాల్యంలో బాల్ ఉంది, కార్యంలో కార్, విన్నపంలో విన్. ఆ ఇంగ్లీషు మాట అర్థం పూర్తిగా కరిగిపోయి శబ్దం మాత్రమే మిగలాలి. వినేవాడికి అతుకు కనబడితే పూరణ ఓడినట్టే.

ఇవన్నీ ఒక పూట పరీక్షలు. 16వ శతాబ్దంలో మరింగంటి సింగరాచార్యులు ఇలాంటి నియమంతో ఏకంగా కావ్యమే రాశాడు. పెదవులు కలపకుండా చదవవలసిన నిరోష్ఠ్య రామాయణం అది. ప వర్గం లేదు, వకారం లేదు, ఉ, ఒ స్వరాలు లేవు. అంటే రాముడి కథలో 'రామ' అన్న పేరు పలకరాదు. లక్ష్మణుడు, రావణుడు, హనుమంతుడు అందరూ నిషిద్ధులే. సీత, జానకి మాత్రం నిరాటంకంగా రావచ్చు. కావ్యం పేరు చూడండి: 'దశరథరాజనందన చరిత్ర'. ఒక్కచోటా పెదవి తగలదు. నియమం శీర్షిక నుంచే మొదలైంది.

సంస్కృతంలో దండి దశకుమారచరితంలో మంత్రగుప్తుడి చేత ఇలాగే ఓష్ఠ్యాలు లేని కథ చెప్పించాడు. ఆ సాహసం గొప్పదే. తెలుగులో ఇది ఇంకా కష్టమని నా నమ్మకం. మన డు, ము, వు ప్రత్యయాలన్నీ ఉకారంతోనే ముగుస్తాయి. షష్ఠికి 'కు' పనికిరాదు. సమాసం లోపల 'ఆంజనేయ' అనవచ్చు, 'ఆంజనేయుడు' అనగానే నియమం చెడుతుంది. 'చేసెను' కుదరదు, 'చేసెన్' కుదురుతుంది. కర్త పేరు మొదలు క్రియ తోక దాకా ప్రతి మాటనూ నోట పలికి, పెదవి కదలలేదని చూసుకున్నాకే ఆకు మీదికి ఎక్కించవలసిన పని అది.