లెక్క ఎవరి చేతిలో ఉన్నది? — మన కథాసాహిత్యంలో అప్పుల సంసారం

మన సాహిత్యంలో అప్పుకు కొదవ లేదు. మనిషి కాపురం ఉండదగిన ఊరికి కావలసిన హంగులు చెబుతూ సుమతీ శతకకారుడు వైద్యుడి కంటె ముందు అప్పిచ్చేవాడినే లెక్కపెట్టాడు. అప్పుచేసి పప్పుకూడు తినేవాడిని సామెత వెక్కిరించింది. 1959లో ఎల్.వి. ప్రసాద్ ఆ సామెతనే పేరుగా పెట్టి సినిమా తీస్తే జనం హాయిగా నవ్వుకొన్నారు. అప్పు చేసినవాణ్ణి చూసి నవ్వడం, అప్పులో మునిగినవాణ్ణి చూసి కంటతడి పెట్టడం మనకు బాగా అలవాటయిన పనులు. ఐతే అప్పు చేసిన సంసారం దాన్ని ఎలా తీరుస్తుంది, నెలనెలా ఏం మానుకొని తీరుస్తుంది, ఆ ఇంట్లో మానుకొనేది ఎవరు అనే విషయం మన కథకులకు కథావస్తువుగా కనిపించిన సందర్భాలు బహు తక్కువ. ఎందుకు కనిపించలేదన్నదే ఈ వ్యాసంలో నేను చర్చించదలచిన ప్రశ్న.

ముందుగా ‘కన్యాశుల్కం’. 1897లో అచ్చయి, 1909లో కొత్త రూపం పొందిన ఆ నాటకం తెర లేచేసరికి గిరీశం బాకీల్లో ఉన్నాడు. పూటకూళ్ళమ్మ సొమ్ము వాడుకొన్నాడు, ఫోటోగ్రాఫు పంతులుకు డబ్బు ఎగవేశాడు, విజయనగరంలో ముఖం చెల్లక ఊరు విడిచే ప్రయత్నంలో ఉన్నాడు. గురజాడ ప్రతిభ ఏమిటంటే, అప్పు ఎగవేసే నేర్పూ, ఇంగ్లీషు ముక్కలు దొర్లించే నేర్పూ ఒకే మనిషిలో ఒకే విద్యగా చూపించడం. కాని గిరీశానికి సంసారం లేదు. అతను ఎగవేసిన సొమ్ము పూటకూళ్ళమ్మ ఎలా పూడ్చుకొన్నదో నాటకం చెప్పదు. చెప్పనక్కరలేదు కూడా, అది ప్రహసనం. ఐనా ఆ లెక్క ఒకటి ఉన్నదనీ, దాన్ని ఒక విధవ మోసిందనీ పాఠకుడు గుర్తుపెట్టుకోవాలి.

గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ 1947లో వచ్చింది. సీతారామారావు వంశప్రతిష్ఠ నిలబెట్టడానికి ఆస్తి కరగదీసుకొంటాడు. లెక్కచూసుకోవడం అతని దృష్టిలో అల్పుల పని. జమీందారీ సంస్కారం చచ్చిపోతూ మధ్యతరగతి మనిషిని ఎలా తనతో లాక్కుపోయిందో చూపడంలో ఆ నవలకు సాటి లేదు. ఐతే అక్కడా మనకు కనిపించేది పతనం. గిరీశానికి లెక్క లేదు. సీతారామారావుకు లెక్కంటే చిన్నతనం.

ఇక రావిశాస్త్రి ‘అల్పజీవి’. నా అసలు మనవి ఈ నవలను గురించి. 1950ల తొలి సంవత్సరాలలో వచ్చిన ఈ నవలను మన విమర్శకులు ఆత్మన్యూనతా భావానికి నిలువుటద్దమనీ, చైతన్య స్రవంతి పద్ధతికి తెలుగులో మంచి ఉదాహరణ అనీ మెచ్చుకొన్నారు. జేమ్స్ జాయిస్ పేరు చెప్పకుండా ఈ నవలపై వ్యాసం రాసినవారు అరుదు. ఎం.ఏ. పరీక్షలో నేనూ అలాగే రాసి మార్కులు తెచ్చుకొన్నాను. నర్సీపట్నంలో లెక్చరరు ఉద్యోగంలో చేరాక చాలాకాలం విద్యార్థులకూ అదే చెప్పాను. సుబ్బయ్య పిరికివాడు, ఆ పిరికితనానికి మూలం అతని మనస్సులో ఉన్నది అని.

ఆ పాఠం తప్పని నాకు పుస్తకాలు నేర్పలేదు. మా నాన్నగారి జబ్బు, దాని వెనువెంటనే చెల్లెలి పెళ్ళి, రెండూ కలిసి మా ఇంటి మీద 5,40,000 రూపాయల అప్పు పెట్టాయి. అప్పట్లో నా జీతం 32,000. అందులో 2,00,000 ఒక వ్యాపారి దగ్గర ప్రామిసరీ నోటు మీద తెచ్చింది. ఆయన దుకాణం అబీద్ సెంటర్ నుంచి కాలేజీకి పోయే దగ్గర దారిలో ఉండేది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, కనిపిస్తే నమస్కారం కూడా చేసేవాడు. ఐనా నేను చుట్టుదారిన కాలేజీకి పోయేవాణ్ణి. అంతకుముందు నన్ను పిరికివాడని ఎవరూ అనలేదు. నాకూ ఆ అనుమానం లేదు. ఆ చుట్టుదారిలో ఒకరోజు సుబ్బయ్య గుర్తుకొచ్చాడు.

సుబ్బయ్య ఎవరు? చిన్న గుమస్తా. భార్య తరఫు బంధువు కోసం కాంట్రాక్టరు గవరయ్య దగ్గర అప్పు తెచ్చాడు. తీర్చలేడు. అతని జీతం ఎంతో గవరయ్యకు తెలుసు. అతని ఆఫీసుతో తనకు ఏం పని ఉన్నదో అంతకంటె బాగా తెలుసు. ఇటువంటి మనిషికి గవరయ్య అడుగుల చప్పుడు వినగానే గుండె దడదడ కొట్టుకొంటే, ఆ దడను మనస్తత్వశాస్త్రానికి అప్పగించి ఊరుకొందామా? సుబ్బయ్య భయానికి వడ్డీరేటు ఉన్నది. నెలకింత చొప్పున అది పెరుగుతుంది. రావిశాస్త్రి విశాఖలో ప్లీడరుగా పనిచేసినవాడు. నోటు రాసిచ్చినవాడి గొంతు కోర్టు వరండాలో ఎలా మారిపోతుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆయన పట్టుకొన్న నిజం మన విమర్శకుల చేతిలో జబ్బు పేరుగా మారింది. అందులో నా వంతు తప్పు నేను ఒప్పుకొంటున్నాను.

ఐతే ‘అల్పజీవి’కి ఒక హద్దు ఉన్నది. నవల ఎక్కువ భాగం సుబ్బయ్య బుర్రలో నడుస్తుంది. అప్పు కూడా ఆ బుర్రలోనే ఉన్నది. ఎంత, ఏ వడ్డీకి, ఎన్నాళ్ళకు అన్న లెక్క కాయితం మీదికి దిగదు. కాయితం మీదికి దిగని అప్పు దయ్యం వంటిది. దానికి కొలత ఉండదు. సావిత్రి మనకు ఎక్కువగా భర్త చూపులోనుంచే కనిపిస్తుంది. ఆ ఇల్లు గడవడానికి ఆమె ఏం చేసింది, ఏం మానుకొన్నది అన్న కథ రాయకుండా మిగిలిపోయింది.

మా ఇంట్లో ఆ కాయితం నా భార్య పెట్టింది. “ముందు అన్నీ ఒకచోట రాయండి. ఎంతో తెలియకుండా ఎన్నాళ్ళని భయపడతారు?” అన్నది. పిల్లల నోటుపుస్తకం ఒకటి తీసి రాశాం. నోటు మీద 2,00,000: నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ, అంటే నెలకు 6,000. బంధువుల దగ్గర తెచ్చిన 1,40,000: రెండు రూపాయల వడ్డీ, 2,800. బ్యాంకులో నగల మీద 2,00,000: నెలకు 2,000. వెరసి నెలకు 10,800. జీతంలో మూడోవంతు వడ్డీలకే పోతున్నది, అసలు ఒక్క రూపాయి తరగడం లేదు. నోటుకు కాలదోషం పట్టేది మూడేళ్ళకు. ఆ గడువు ముగిసేలోగా వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాయించుకోవడం మా వైపు ఆనవాయితీ. అంటే ఏమీ చేయకుండా కూర్చొంటే వడ్డీకి వడ్డీ మొదలవుతుంది. మూడు రూపాయల వడ్డీ మూడేళ్ళు నిండకుండానే అసలంత అవుతుందని నాకు ఆరోజు వరకు తోచలేదు. ఛందస్సులో గణాలు విడదీసేవాడికి ఈ గణితం తెలియదు!

తాకట్టులో ఉన్న నగలు అమ్మేద్దామన్నది ఆమే. అవి ఆమె పుట్టింటివారు పెట్టినవి. 2,85,000 వచ్చింది. బ్యాంకు బాకీ పోగా మిగిలిన 85,000 మూడు రూపాయల నోటుకు కట్టి, నోటు వెనక చెల్లు రాయించాం. నోటు బాకీ 1,15,000కు దిగింది. వడ్డీ తగ్గినా కట్టే సొమ్ము తగ్గించగూడదని, నెలకు అదే 10,800 తీసి, బంధువుల వడ్డీ 2,800 పోగా మిగిలినదంతా ఆ నోటుకే కట్టాం. నోటు తీరాక మొత్తం రెండో బాకీకి మళ్ళించాం. 2021 అక్టోబరు నుంచి 2024 జూలై వరకు, 34 నెలలు పట్టింది. ఇందులో అద్భుతం ఏమీ లేదు. లక్షల ఇళ్ళలో జరిగే పనే.

అన్నీ తీరాక ఒక ఆదివారం ఆ పుస్తకం మొదటినుంచి చదివాను. సాహిత్య విద్యార్థిని కనక ఒక మాట పదేపదే రావడం కంటపడింది. నెల ఖర్చుల జాబితా చివర ‘కళ్ళద్దాలు 1,800’ అని ఉంటుంది. దాని మీద గీత. మరుసటి నెల మళ్ళీ ‘కళ్ళద్దాలు’. మళ్ళీ గీత. 19 నెలలు అలాగే ఉన్నది. ఆ నెలల్లో ఆమె రాత్రిపూట జాకెట్లు కుట్టి ఇంటి ఖర్చుకు సాయం చేసింది. సూదిలో దారం ఎక్కించమని పెద్దపిల్లను పిలవడం నేను రోజూ వింటూనే ఉన్నాను. ఆ గదిలోనే కూర్చొని స్త్రీల సాహిత్యంపై పాఠానికి నోట్సు రాసుకొన్నాను.

దీన్ని సొంత గోడుగా చెప్పడం లేదు. విమర్శకుడిగా నాకు ఇందులో ఒక సూత్రం దొరికింది: అప్పు కథలో అసలు ప్రశ్న లెక్క ఎవరి చేతిలో ఉన్నదన్నది. ఈ సూత్రం మా ఇంటికే పరిమితమైతే ఈ వ్యాసం అనవసరం. నర్సీపట్నం నుంచి చింతపల్లి దారి పట్టి ఘాటు ఎక్కితే ఏజెన్సీ. ఆ కొండల్లో గొత్తి అనే వెట్టి ఉండేది. గిరిజనుడు కాస్త అప్పు తీసుకొని, అది తీరేదాకా సాహుకారుకు చాకిరీ చెయ్యాలి. తీరిందో లేదో చెప్పేది సాహుకారు పద్దు. ఆ పద్దు చదవడం గిరిజనుడికి రాదు కనక అప్పు తీరేది కాదు, ఒక్కొక్కప్పుడు కొడుకుకు సంక్రమించేది. 1917 నాటి ఏజెన్సీ చట్టం వడ్డీ ఏడాదికి నూటికి 24 మించగూడదనీ, మొత్తం వడ్డీ అసలును మించగూడదనీ శాసించింది. 1940లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీలో రుణదాస్యాన్నే నిషేధించింది. 1976లో దేశమంతటికీ వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. కొండమీద వందేళ్ళ కిందటే కాదన్న 36 శాతం వడ్డీ కొండకింద నర్సీపట్నంలో నేను కట్టాను!

మైదానంలోనూ అంతే. 1938 నాటి మద్రాసు వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం 1932 అక్టోబరు 1కి ముందటి అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకొన్న వడ్డీ బకాయిలను రద్దుచేసింది. అసలుకు రెట్టింపు చెల్లించినవాడి అప్పు తీరినట్టే అన్నది. మంచి చట్టం. కాని ఎంత చెల్లించాడో రుజువు ఏది? రశీదు అడగడానికి జంకిన రైతు ఆ చట్టం ముందు కూడా సుబ్బయ్యే. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చినప్పుడు బయటపడ్డ నిజం కూడా ఇటువంటిదే. అప్పు ఆడవారి పేర, వారంవారం వాయిదా. ఎంత వడ్డీ పడుతున్నదో కట్టేవారికి తెలియదు.

ఇక్కడ మిత్రులు ఒక ఆక్షేపణ చేస్తారని నాకు తెలుసు. “పొదుపు చేసుకోండి, లెక్క రాసుకోండి అని చెప్పడం పెటీబూర్జువా నీతి గదా? దోపిడీకి మందు నోటుపుస్తకమా?” అని. న్యాయమైన ఆక్షేపణే. 2019 నాటి జాతీయ నమూనా సర్వేలో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కుటుంబాలలో 93.2 శాతం అప్పుల్లో ఉన్నాయి. దేశం మొత్తంమీద ఆ సంఖ్య 50.2 శాతం. కుటుంబానికి సగటు అప్పు దేశంలో 74,121 రూపాయలైతే మన రాష్ట్రంలో 2,45,554. దేశంలో అన్నిటికంటె ఎక్కువ. నూటికి 93 ఇళ్ళు అప్పులపాలైతే దాన్ని దుబారా అనేవాడు మూర్ఖుడైనా కావాలి, వడ్డీవ్యాపారైనా కావాలి. నాకు నెలజీతం ఉన్నది, అమ్మడానికి నగలు ఉన్నాయి. వర్షాన్ని నమ్ముకొన్న కౌలుదారుకు ఆ రెండూ లేవు. మా 34 నెలల లెక్క అతనికి దారి చూపదు.

ఐనా నోటుపుస్తకం పని పొదుపు ఒక్కటే కాదు. లెక్క రాసుకొన్ననాడు మనిషి వడ్డీని చూస్తాడు. వడ్డీని చూసినవాడు ఇది న్యాయమా అని అడుగుతాడు. తలవంచుకొని చుట్టుదారిన పోయేవాడు అడగలేడు. పోరాటానికి పనికివచ్చే మొదటి కాయితం అదే. అదీగాక, ఆ పుస్తకం ఇంట్లోని అన్యాయాన్ని కూడా పట్టి ఇస్తుంది. వ్యాపారి వడ్డీ తీసుకొన్నాడు, నిజమే. కళ్ళద్దాల మీద 19 సార్లు గీత పడనిచ్చింది నేను.

మన అభ్యుదయ కథకు షావుకారును చిత్రించడం తెలుసు. బొర్ర, ఉంగరాలు, పద్దుపుస్తకం పెట్టి అతన్ని నిలబెట్టగలదు. కాని ఈనాటి అప్పు చాలాచోట్ల నమస్కారం పెట్టే మనిషి దగ్గరో, ఏ ముఖమూ లేని ఫోను తెర మీదో పుడుతున్నది. బొర్రను తిడితే అది దొరకదు. చాసో ‘వాయులీనం’లో వేరే దారి తొక్కాడు. సంసారం గట్టెక్కడానికి ఇంట్లోంచి ఒక వాయిద్యం బయటికి పోతుంది. దానితో రాజ్యం జీవితంలోంచి ఏం పోయిందో మనకు తెలుస్తుంది. అచ్చిరాని బాకీల మొత్తం కంటె, ఇంట్లోంచి బయటికి పోయిన వస్తువు ఎక్కువ చెబుతుందని ఆయన గ్రహించాడు. ఆ దారిన నడిచినవారు తక్కువ.

తీర్చడం నెమ్మదిగా జరిగే పని. అందులో కొట్లాట లేదు, ఉరితాడు లేదు, ఒక్క రాత్రిలో మారిపోయే బతుకు లేదు. 34 నెలలు ఒకే అంకె రాయడంలో కథ ఏముందని రచయిత అడగవచ్చు. ఏముందో ఆ ఇంటి ఇల్లాలిని అడగాలి. విద్యార్థి మిత్రులకు ఒక మనవి: సెలవులకు ఇళ్ళకు వెళ్ళినప్పుడు మీ అమ్మగారి లెక్కల పుస్తకం అడిగి చూడండి. పుస్తకం లేకపోతే ఆమె నోటి లెక్క విని రాసుకోండి. గీత కొట్టిన మాటలు ముందు చదవండి. ‘అల్పజీవి’ని తరవాత చదువుదాం, ఈసారి ఇంకా బాగా అర్థమవుతుంది.